పారబోసిన ఆవు

ఆ ఉదయం పరదేశి వేసుకున్న పథకం చాలా సులువైనది. వ్యవసాయ సహాయకురాలు కుమారి వస్తుంది, చెరకుకు జీవామృతం పారిస్తుండగా ఫొటో తీస్తుంది, సబ్సిడీ మీద నాటు ఆవు వస్తుంది. మందులు మానేసి నేలను కాపాడే రైతులకు సర్కారు ఇస్తున్న ఆవు అది. ఫొటోకు అదే ఆఖరి రోజు.

రావికమతం దగ్గరి ఆ ఊళ్లో ఆవు కోసం పరదేశి కంటే ఎక్కువ ఎదురుచూస్తున్నది భార్య బుల్లమ్మ. జీవామృతంలోకి నల్లబెల్లంతో పాటు పేడ, పంచితం కావాలని రోజూ పక్కింటి చిన్నమ్మలు ఆవు వెనకాల చెంబు పట్టుకుని నిలబడేది ఆవిడే. "పేడకీ అరువేనేటి వదినా?" అని చిన్నమ్మలు నవ్వేది, ఆవు తోకతో మొహం మీద కొట్టేది. పాపం, బుల్లమ్మ రెండూ ఓర్చుకునేది.

పరదేశి చేసిన తప్పల్లా గుట్టుగా ఉండటం. పని కాకముందే చెబితే దిష్టి తగులుతుందని జీవామృతం డ్రమ్మును చెరకు నడుమ పెట్టి గోనె కప్పాడు. పొద్దునా సాయంత్రం కర్రతో లోపలికి వెళ్లి కలిపి, ఆవును తలుచుకుని నవ్వుకుంటూ బయటికి వచ్చేవాడు.

"ఏటి బావా లోపల?" అని పక్క పొలం సత్తియ్య అడిగాడు.

"ఏటీ నేదు."

నల్లబెల్లం కొన్నవాడు చెరకులో దూరి నవ్వుతూ వస్తుంటే, సారా కాస్తున్నాడనుకోవడానికి ఊరికి ఇంకేం కావాలి? సాయంత్రానికి గట్టు మీద గ్లాసులతో జనం కూర్చున్నారు. ఆ కబురు ఎక్సైజు వాళ్లకు చేరింది. కుమారి రావలసిన ఉదయమే వాళ్ల జీపు వచ్చింది.

ఖాకీ బట్టలు చూసి పరదేశి కంగారుపడలేదు. ఆవునిచ్చేది సర్కారైనప్పుడు అది ఏ రంగులో వస్తే ఏం?

"రండి బాబూ. మీకోసమే దాచేను."

ఇంత మర్యాదస్తుడైన ముద్దాయిని ఎస్సై ఎన్నడూ చూడలేదు. "ఇదంతా నువ్వే చేశావా?"

"నేనేనండి. నల్లబెల్లమే ఏసేను."

"ఇందులో ఇంకెవరున్నారు?"

"మా ఆడదండి. అది నేకపోతే సరుకెక్కడిది?"

"ఎవరికి పోస్తున్నావు?"

"ముందు మన సెరక్కండి. మిగిలితే ఊరందరికీ పోత్తాను."

సారా ఊటను నాలుకతోనే తేల్చేస్తాడని హెడ్డు కానిస్టేబుల్ త్రినాధరావుకు పేరు. వేలు ముంచి చప్పరించి, "బాగా పులిసింది సార్," అన్నాడు. పరదేశి పొంగిపోయాడు.

"పారబొయ్యండి," అన్నాడు ఎస్సై.

"ఆగండి బాబూ, ఫొటో తియ్యాల," అని పరదేశి అడ్డం పడేలోపే డ్రమ్ము ఒరిగింది. సరుకంతా చెరకు సాళ్లలోకి పారింది. అప్పుడే చెంబుతో వచ్చిన బుల్లమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

"నా ఆవుని పారబోసేత్తన్నారు."

"ఆవేమిటమ్మా?" అన్నాడు ఎస్సై, అయోమయంగా.

"పేడా పంచితం బాబూ. రోజూ ఈ సెంబుతోనే పట్టి తెచ్చేను."

ఎస్సై చెంబులోకి చూశాడు. త్రినాధరావు తన వేలి వంక చూసుకుని, బోరింగు వైపు నడిచాడు.

అంతలో కుమారి స్కూటీ ఆగింది. చెరకు సాళ్లలో జీవామృతం చక్కగా పారుతోంది, యూనిఫాంలో ఉన్నవాళ్లు డ్రమ్ము ఒంచి పట్టుకున్నారు.

"ఇలా సాళ్లెంట పారించమని ఎంత చెప్పినా ఎవరూ వినరు సార్," అంటూ మురిసిపోయి ఫోను తీసింది. "అలాగే పట్టుకోండి. కొంచెం నవ్వండి."

ఎస్సైకి నవ్వక తప్పలేదు.

ఆవు వచ్చింది. మొదటి చెంబు పంచితం బుల్లమ్మ స్వయంగా చిన్నమ్మలుకు ఇచ్చి, అరువు తీరిందని చెప్పి వచ్చింది.

త్రినాధరావు ఇప్పుడు దేన్నైనా ల్యాబ్‌కి పంపించే తేలుస్తున్నాడు.