చెరువుకు తగిన పడవ

సులోచన తాంబాలం పోయింది సద్దుల బతుకమ్మ నాడు. అది ఆమె పెళ్లికి తల్లి పెట్టిన ఇత్తడి తాంబాలం. బతుకమ్మను సాగనంపేటప్పుడు పువ్వుల్ని నీళ్లలోకి జార్చి, తాంబాలాన్ని వెనక్కి తీసుకోవాలి. ఆ రోజు వెనక నుంచి జనం తోసుకువచ్చారు. తాంబాలం చెయ్యి జారి, పువ్వులతో సహా తేలుకుంటూ చెరువు నడుమకు పోయింది. అక్కడ ఎన్నడో ఆగిపోయిన ఫౌంటెన్ సిమెంటు దిమ్మె ఒకటి ఉంది. దానిలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వల మధ్య తాంబాలం ఇరుక్కుని నిలిచిపోయింది.

సాయంత్రపు ఎండకు అది మెరిసేది. ఆదివారాలు గట్టు మీది బెంచీపై కూర్చుని సులోచన అటే చూసేది. "అగో, మా అవ్వ తాంబాలం. నువ్వు తెస్తవా?" అని భర్తను అడిగేది. మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్ల పేట పద్మనగర్. భూమయ్య అక్కడి తెలుగు బడిలో ఉపాధ్యాయుడు. తొందరపడి మాట ఇచ్చే మనిషి కాదు. "చూద్దాం," అనేవాడు. అట్లా ఏడాది దాటింది. ఆ మాఘంలో సులోచన జ్వరంతో ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. తాంబాలం మాత్రం ఉన్నచోటనే ఉంది.

సంవత్సరీకం అయిపోయాక, వచ్చే బతుకమ్మను కూతురు శృతి ఆ తాంబాలంలోనే పేర్చాలని భూమయ్య నిశ్చయించుకున్నాడు. ఈత వచ్చిన కుర్రవాడెవడికి చెప్పినా గంటలో తెచ్చిపెట్టేవాడు. కానీ సులోచన అడిగింది కుర్రవాణ్ణి కాదు.

భూమయ్యకు ఈత రాదు. కనుక పడవ కావాలి. ధామన్కర్ నాకా దగ్గరి ఇంటర్నెట్ దుకాణంలో కూర్చుని, బడిలో పాఠానికి తయారైనంత శ్రద్ధగా చదివాడు. కయాక్ అనేది ఒక్క మనిషి కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే పడవ. అందులో రకాలున్నాయి. పొడవుగా, సన్నగా ఉండేది సముద్రానికి. వేగంగా, తిన్నగా పోతుంది. ఒక పట్టాన మలుపు తిరగదు. అలవాటు లేనివాణ్ణి బోర్లా వేస్తుంది. పొట్టిగా, వెడల్పుగా ఉండేది కదలని నీళ్లకు. నిదానంగా పోతుంది; తప్పులు చేసేవాణ్ణి ఓర్చుకుంటుంది. పైన తెరిచి ఉన్నదైతే ఎక్కడం, దిగడం తేలిక. చెరువు కదలని నీరు. తనకు మోకాళ్ల నొప్పులు. తెడ్డు పట్టిన అనుభవం బొత్తిగా లేదు. కాబట్టి పొట్టిది, వెడల్పుది, పైన తెరిచినది. సందేహానికి చోటే లేదు.

వెతగ్గా వెతగ్గా కనేరిలోని ఒక పాత సామాను గోదాంలో, మూతపడిన ఏదో సముద్రతీరపు హోటలు నుంచి వచ్చిన కయాక్‌లు రెండు దొరికాయి. ఒకటి పొట్టిది, ఒకటి పొడవుది. తెచ్చుకోవలసిన రోజున బడిలో తనిఖీ వచ్చిపడింది. పక్క వీధిలో మగ్గాల షెడ్డు నడిపే ఆగయ్యకు టెంపో ఉంది. భూమయ్య అతనికి పని అప్పగించి, "పొట్టిది, వెడల్పుది," అని రెండుసార్లు చెప్పాడు.

సాయంత్రం ఆగయ్య తెచ్చింది పొడవుది.

"ఆగయ్యా, నేను పొట్టిది చెప్పిన కద?"

"పొట్టిది గూడ చూసిన సారూ. అది బర్లకు కుడితి వోసే తొట్టి లెక్కున్నది. సేటేమో రెంటికీ ఒక్కటే భావ్ చెప్పిండు. గదే పైసలకు రెండు గజాలు ఎక్కువొస్తుంటే పొట్టిది ఎవ్వడు తెస్తడు?"

జీవితమంతా గజాల లెక్కన బట్ట అమ్మినవాడి ముందు నీటి స్వభావం గురించి మాట్లాడి లాభం లేదనిపించింది భూమయ్యకు. "తెడ్డు ఏది మరి?" అని మాత్రం అడిగాడు.

"తెడ్డా?"

"రెండు కొసలకు రెక్కలుంటయి. పొడుగు కట్టె."

"ఓ, గదా! ప్యాకింగ్ కట్టె అనుకున్న. ఆడనే ఇసిరేసి వచ్చిన."

మర్నాడు శ్రావణ పున్నమి, మరాఠీవాళ్ల నారళీ పౌర్ణమి. బడికి సెలవు. ఉదయాన్నే పడవను అదే టెంపోలో గోదాంకు తిప్పి పంపి, పొట్టిదాన్ని తెడ్డుతో సహా తెచ్చుకోవాలని భూమయ్య అనుకున్నాడు. అంతకు మించి ఆ రోజుకు ఆయన దగ్గర ఏ ప్రణాళికా లేదు. పద్మశాలీలందరూ కొత్త జంధ్యాలు వేసుకుని మార్కండేయ స్వామిని ఊరేగించేది కూడా ఆ రోజే. అది ఆయనకు తెలియక కాదు. పడవకూ స్వామికీ సంబంధం ఉంటుందని తోచలేదు.

కయాక్ రాత్రంతా ఆగయ్య షెడ్డు ముందు టెంపోలోనే ఉంది. చెక్క రంగు. రెండు కొసలూ సూదిగా ఉన్నాయి. నడుమ మనిషి కూర్చునే గుంత. సముద్రం చూసినవాళ్లకు అది పడవ. పద్మనగర్‌లో మాత్రం పాలు మరవని పిల్లకు చూపించినా ఒక్క పేరే చెబుతుంది: నాడె. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తి పోగు వేసే నాడె. నడుమ గుంత కండె కోసం. నూలు చుట్టిన కండె అందులోనే కూర్చుంటుంది. భూమయ్య నిద్ర లేచి వెళ్లేసరికి ఎదురింటి లక్ష్మవ్వ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసేసింది.

"ఎంత పెద్ద నాడె సారూ! సులోచన పేరు మీద సామికి ఇస్తున్నరట గదా?"

"ఎవరన్నరు?"

"నేనే అన్న. అందరికీ చెప్పిన."

భూమయ్యకు ఒక అలవాటు ఉంది. వాక్యం మనసులో పూర్తయ్యాక గానీ నోరు తెరవడు. "లక్ష్మవ్వా, ఇది వాస్తవానికి నీళ్ల మీద..." అని మొదలుపెట్టేసరికి ఆమె డప్పుల చప్పుడు వినబడుతున్న వైపు, వీధి చివరికి చేరిపోయింది.

ఉత్సవ కమిటీ అధ్యక్షుడు శంకరరావు శాలువాతో ఎదురొచ్చాడు. "సారూ, నాకు మాటలొస్తలేవు."

"నేనొక మాట చెప్పాలె, శంకరరావుగారూ."

"వద్దు సారూ. దానం ఇచ్చినోడు నోరిప్పొద్దు. పుణ్యం పోతది." శాలువా కప్పేశాడు.

శృతి తండ్రి చెవి దగ్గరికి వచ్చింది. "బాపూ, చెప్పరాదు? నువ్వు చుప్ ఉంటే గీళ్లు దాన్ని గుడిల పెట్టుకుంటరు!"

"చెప్తున్న బిడ్డా," అన్నాడు భూమయ్య. నిజంగానే ఆయన మనసులో వాక్యం తయారవుతోంది. అంతలో శంకరరావు టెంపో చుట్టూ ఒకసారి తిరిగి, నుదురు ముడిచాడు.

"నాడె సరే. కండె ఏది? ఉత్త నాడె ఊరేగిస్తమా? ఉత్త నాడె మగ్గానికి అరిష్టం."

అంత పెద్ద కండె ఎక్కడి నుంచి వస్తుంది? అందరి చూపులూ మెల్లగా భూమయ్య మీదికి తిరిగాయి. ఆయన సన్నగా, నిటారుగా, తెల్ల ధోవతిలో, తెల్ల లాల్చీలో ఉన్నాడు.

రెండు నిమిషాల్లో ఆయన గుంతలో ఉన్నాడు. మెడలో తెల్లనూలు చుట్టల దండ. సముద్రపు కయాక్‌లో గుంత ఇరుకుగా ఉంటుందని చదివాడు. నడుము పట్టేశాక అది ఎంత ఇరుకో తెలిసింది. దానికి తోడు చెరువుకు సమర్పించవలసిన కొబ్బరికాయల సంచిని ఆయన కాళ్ల సందున సర్దారు. డప్పులు మోగాయి. టెంపో కదిలింది. ఆయన బడి పిల్లలు రెండు వైపులా నిలబడి, సార్‌కు దండం పెట్టాలో స్వామికి పెట్టాలో తెలియక ఇద్దరికీ కలిపి పెట్టారు.

"ఆగయ్యా, బండి గోదాంకు తిప్పు," అన్నాడు భూమయ్య ముందుకు వంగి.

"గోదాంకా? సారూ, ముంగట సామి రథం, ఎనుక ఆడోళ్లు. ఎటు తిప్పమంటరు?"

ఊరేగింపు చెరువుగట్టుకు చేరింది. నీళ్లకు కొబ్బరికాయలు ఇచ్చే పండుగ కాబట్టి మరాఠీ కుటుంబాలు కూడా అక్కడ ఉన్నాయి. ఏటా గణపతులను నిమజ్జనం చేసే యువకులు కొందరు మెట్ల మీద నిలబడి ఉన్నారు. దండ వేసిన వస్తువు ఏదైనా టెంపో మీద చెరువుకు వస్తే నీళ్లలో దించాలి. ఆ ఊళ్లో అది ఎవరూ నేర్పనక్కర్లేని విద్య. వాళ్లు ఎగబడి, పడవను రెండు వైపులా పట్టుకుని మెట్ల మీదికి దింపారు.

"బాబా, ఖాలీ ఉతరా!" అన్నాడొకడు, దిగమని.

దిగడానికి నడుము రావడం లేదని, ఇది నిమజ్జనానికి ఉద్దేశించినది కాదని భూమయ్య మరాఠీలో చెప్పదలచుకున్నాడు. ఆయన మరాఠీ వ్యాకరణం నిర్దుష్టమైనది. అందుకే ఆలస్యమైంది. వాక్యంలో క్రియాపదం దగ్గరికి వచ్చేసరికి పడవ నీళ్లలో ఉంది. తోసిన చేతులు బలమైనవి.

"బాపూ!" అని శృతి కేక వేసింది. "ఆయనకు ఈత రాదు!"

పడవ బోర్లా పడలేదు. కొబ్బరికాయల బరువు అడుగున ఉంది. పైన ఉన్న మనిషి ఊరికే కదిలే మనిషి కాదు. పొడవు కయాక్ తిన్నగా పోతుందని రాసినవాళ్లు నిజమే రాశారు. తోసిన దిక్కునే వంకర లేకుండా పోయి, ఫౌంటెన్ దిమ్మె పక్కకు మెల్లగా ఒరుసుకుని ఆగింది.

అక్కడ డప్పులు సన్నగా వినిపించాయి. భూమయ్య చెయ్యి చాపితే తాంబాలం అందింది. చువ్వల నుంచి విడిపించి, నాచును ధోవతి చెంగుతో తుడిచాడు. అక్కడి నుంచి గట్టు మీది బెంచీ చాలా చిన్నదిగా కనిపించింది. ఎవరూ కూర్చుని లేరు. కొంతసేపు అటే చూశాడు.

తర్వాత గుర్తొచ్చింది, తెడ్డు లేదని. పడవ మలుపు తిరగదని కూడా.

గట్టు మీద ఆగయ్య రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి అరుస్తున్నాడు. "సారూ! నాడెను ఎవడన్న మలుపుతడా? ఉల్టా రాండ్రి! ఎట్ల పోయిందో గట్లనే ఎనుకకు!"

నిజమే. రెండు కొసలూ ఒకటే. భూమయ్య దిమ్మెను గట్టిగా నెట్టి, తాంబాలాన్నే తెడ్డుగా పట్టి, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నీళ్లు తోశాడు. ఊరికి వీపు పెట్టి, వెనక్కి వెనక్కి, మొత్తానికి గట్టు చేరాడు. నలుగురు పట్టి లాగితే గుంతలోంచి ఊడివచ్చాడు. శృతి ఏడుస్తూ నవ్వుతూ తండ్రి చెయ్యి పట్టుకుంది.

శంకరరావు చూపు తాంబాలం మీద పడింది. రెండు చేతులా అందుకుని తిరగేశాడు. అడుగున పాత అక్షరాలు చెక్కి ఉన్నాయి: సమ్మవ్వ.

"సమ్మవ్వ తల్లి!" అన్నాడు. తాంబాలాన్ని నెత్తికి ఎత్తుకున్నాడు. "నాడె పోయి చెరువులకెళ్లి అమ్మను తోలుకొచ్చింది!"

లక్ష్మవ్వ మోకాళ్ల మీద కూలబడి మొక్కింది. ఎవరో కర్పూరం వెలిగించారు.

"బాపూ, అది అమ్మమ్మ పేరు గదా!" అంది శృతి.

ఈసారి భూమయ్య వాక్యాన్ని పూర్తిచేశాడు. "ఈ తాంబాలం మా అత్తగారిది," అన్నాడు స్పష్టంగా. కానీ అప్పటికి డప్పులు మళ్లీ అందుకున్నాయి. ఆ మాట విన్నది పక్కనున్న డప్పు మనిషి ఒక్కడే. అతను భక్తిగా తల ఊపి దరువు పెంచాడు.

కయాక్ ఇప్పుడు కమిటీ హాలులో, కింద సులోచన పేరుతో, గొలుసులకు వేలాడుతోంది. పొట్టి కయాక్‌ను ఆగయ్య కొనుక్కుని కండెలు నానబెట్టే తొట్టిగా వాడుకుంటున్నాడు. చాలా వాటంగా ఉందట. తాంబాలం గుళ్లో ఉంది. శుక్రవారాలు దానికి కొబ్బరికాయలు కొడుతున్నారు. సమ్మవ్వ బతికి ఉన్నన్నాళ్లూ అల్లుడు నోరులేని మనిషని నలుగురిలో అనేది. అల్లుడిప్పుడు వారం వారం వెళ్లి ఆమె హారతి కళ్లకద్దుకుని వస్తున్నాడు.

బతుకమ్మ దగ్గరపడింది. "తాంబాలం ఎప్పుడు తెస్తవు బాపూ?" అని శృతి అడిగింది.

"చూద్దాం," అన్నాడు భూమయ్య.

అది తమ ఇంటిదని కమిటీకి ఇంకా చెప్పలేదు.