ఏ-వన్ కళ్ళు

ఆ రోజుకి తనూజ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే తలంటుకోవాలి, రెండు ఇడ్లీలు తినాలి, గదికి గడియ పెట్టుకుని మధ్యాహ్నం మూడింటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ఇవ్వాల్సిన ఉపన్యాసాన్ని ఇంకోసారి చెప్పి చూసుకోవాలి. అంతే. ఈ ప్లానులో కళ్ళాసుపత్రి ఎక్కడా లేదు.

కానీ ఆ ఇంట్లో ఆమె తండ్రి చిన్నారావు ఉన్నాడు. సర్వీసంతా బిలాస్‌పూర్‌లో రైలింజను నడిపి, రిటైరయ్యాక రైల్వే కాలనీ గోడ పక్కనే ఇల్లు కట్టుకున్న మనిషి. ఆయన చెయ్యి ఊపనిదే ఆ ఇంట్లో ఎవరి ప్లానూ కదలదు.

“తనూ, సెప్పులేసుకో. కళ్ళాసుపత్రికెల్లి వచ్చేద్దుము,” అన్నాడు.

“కళ్ళాసుపత్రికా? ఈ రోజా? నాన్నా, మూడింటికి నాకు ఇంటర్వ్యూ!”

“అందుకే కదా సెప్తన్నాను. ఇంటర్వ్యూ దాటిపోయి మెడికల్లో ఎగిరిపోయినోళ్ళని ఎంతమందిని సూసినానో నీకు తెల్దు. ముందే సూపించేసుకుంటే గొడవుండదు. అర కిలోమీటరు దూరాన సిగ్నల్ సూడ్డానికే మాకు ఏ-వన్ కళ్ళు ఉండాలన్నారు. నువ్వు సూసేది ఎంత దూరం?”

“పన్నెండు వందల కోట్ల కాంతి సంవత్సరాలు,” అని తనూజ అలవాటు కొద్దీ నిజం చెప్పేసింది.

“మరదీ! ఆలోసించు!”

తనూజకి ఒళ్ళు మండిపోయింది. దూరపు గెలాక్సీల మీద పరిశోధన అంటే టెలిస్కోపుకి కన్ను ఆనించి కూర్చోవడం కాదనీ, టెలిస్కోపు ఎక్కడో వేరే ఖండంలో ఉంటుందనీ, అది పంపిన లెక్కలతో తను కంప్యూటరు ముందు కుస్తీ పడుతుందనీ ఎనిమిదేళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతోంది. ఆయన ఎనిమిదేళ్ళుగా తలూపుతున్నాడు. ఎక్కిందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

పీహెచ్‌డీ అయ్యాక జర్మనీలో కొన్నాళ్ళు, చిలీలో కొన్నాళ్ళు, పుణేలో కొన్నాళ్ళు, ఇలా కాంట్రాక్టు మీద కాంట్రాక్టుగా గడిచింది. చిన్నారావు భాషలో ఇదంతా “క్యాజువల్ లేబరు”. ఎప్పుడు ఫోను చేసినా, “పర్మనెంటు సేసినారా?” అనే ఒక్క ప్రశ్న. పోయిన నెల పుణే కాంట్రాక్టు కూడా అయిపోయింది. ఇప్పుడు దక్షిణాదిలో ఒక పరిశోధనా సంస్థ పర్మనెంటు ఉద్యోగానికి పిలిచింది. వయసు హద్దు ఈ ఏటితో సరి. ఇది కూడా చేజారితే ఊరి చివర సిర్గిట్టిలో పక్కింటి గోవిందరావు అల్లుడు నడిపే కోచింగ్ సెంటర్లో పిల్లలకి ఫిజిక్సు చెప్పుకోవడమే. ఆ అల్లుడు అప్పుడే బోర్డు మీద ఆమె పేరు ఏ రంగులో రాయించాలో అడిగి వెళ్ళాడు కూడా.

“ఆసుపత్రిలో మన రమణబాబు ఈ రోజే డ్యూటీ. రేపట్నుంచి లీవు. అరగంటలో వచ్చేద్దుము,” అని చిన్నారావు స్కూటరు తీసేశాడు. ఈయనతో వాదించే టైములో ఆసుపత్రికి వెళ్ళి రావచ్చని తనూజ లెక్క వేసుకుంది. గెలాక్సీల లెక్కల్లో ఆమె అంత ఘోరంగా ఎప్పుడూ తప్పలేదు.

ఆసుపత్రిలో చిన్నారావు పేరే పిలిచారు. ఆయన కుర్చీలోంచి సగం లేచి, ఏమనుకున్నాడో, గభాలున కూతుర్ని ముందుకు తోశాడు.

“మా అమ్మాయికెయ్యి,” అన్నాడు.

“మీ పేరు కదండీ పిలిచింది?” అన్నాడు చుక్కల సీసా పట్టుకున్న రమణబాబు.

“నా కూతురు నా పేరు కాదేటి? ఎయ్యెహె!”

వెనక క్యూ గోల పెడుతోంది. రమణబాబు తనూజ తల వెనక్కి వంచి రెండు కళ్ళలోనూ చుక్కలు వేసేశాడు. వేసేశాక తీరిగ్గా చెప్పాడు. “కంటిపాపలు పెద్దవి చేసే మందమ్మా. దూరంవి బాగానే కనిపిస్తాయి. దగ్గరవి రాత్రి దాకా మసక. చదువులూ రాతలూ పెట్టుకోకండి.”

రాత్రి దాకానా! తనూజ గుమ్మంలోకి పరిగెత్తి చూసుకుంది. రోడ్డు చివర నీళ్ళ ట్యాంకు మీద వాలిన కాకి ముక్కుతో సహా కనబడుతోంది. చేతిలో ఉన్న ఫోను మాత్రం నల్లటి ముద్దలా ఉంది.

“అచ్ఛా, దూరంవి కనిపిస్తన్నాయి కదా? నీ పని దూరంవేగా?” అన్నాడు చిన్నారావు ధైర్యం చెబుతూ.

“నాన్నా, ప్లీజ్. బస్, చాలు. ఇంక ఒక్క మాట మాట్లాడకు.”

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని, ఎండకి కళ్ళు మూసుకుని, తండ్రి చెయ్యి పట్టుకుని ఆమె స్కూటరు దిగడం గోవిందరావు తన వరండాలోంచి చూశాడు. గోవిందరావు రిటైరైన రైల్వే గార్డు. ఏదైనా కళ్ళబడితే పది మందికి చెప్పకుండా ఉండలేడు.

తనూజ ఆ సంస్థకి ఫోను చేయించి వాయిదా అడిగింది. ఈ రోజు తప్పితే తప్పినట్టేనన్నారు. లాప్‌టాప్‌ని గదికి ఆ చివర పెట్టి ఈ చివర నించుని చూసింది. అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి, కానీ చీమల్లా ఉన్నాయి. దగ్గరికి జరిగితే చీమలు కాస్తా మేఘాలవుతున్నాయి. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

“ఏడవకు తల్లీ, నానున్నాను,” అని చిన్నారావు స్టూలు లాక్కున్నాడు. “ఇంజన్లో ఇద్దరుంటాం. అసిస్టెంటు సిగ్నల్ సూసి దాని రంగు గట్టిగా పిలుస్తాడు. డ్రైవరు అదే మళ్ళీ పిలుస్తాడు. ఇద్దరూ ఒకటే అన్నాక బండి ముందుకెల్తది. నాను పక్కన కూకుని మీట నొక్కి బొమ్మ మారుస్తాను, ఏ బొమ్మ వచ్చిందో పిలుస్తాను. నువ్వు సెప్పుకుపో.”

వేరే దారి లేదు. “కెమెరాకి కనబడకుండా కూర్చో. గుసగుసగా చెప్పు,” అంది తనూజ. ఇంజను హోరులో గొంతు పెంచుకున్న మనిషికి గుసగుస అంటే ఏమిటో తెలియదని ఆ కంగారులో ఆమెకి తట్టలేదు.

మూడయింది. తెర మీద నాలుగు మరకలు ప్రత్యక్షమయ్యాయి. అందులో పసుపు చీర కట్టిన మరక తన పేరు శాంతాదేవి అనీ, కమిటీకి పెద్దననీ ఇంగ్లీషులో పరిచయం చేసుకుని, మొదలుపెట్టమంది. తనూజ నమస్కారం పెట్టి అందుకుంది.

“నెక్స్ట్! నల్ల బోర్డు, మజ్జిలో ఎర్ర సుక్క!” అని పిలిచాడు చిన్నారావు. ఆ గుసగుసకి గోడ మీది కేలండరు కదిలింది.

తనూజ ఆ ఎర్ర చుక్క గురించి చెప్పింది. అదొక గెలాక్సీ అనీ, సృష్టి పసితనంలో బయల్దేరిన దాని వెలుగు ఇప్పటికి మనల్ని చేరిందనీ, అంత చిన్న వయసులోనే అది కొత్త నక్షత్రాలు పుట్టించడం ఎందుకు మానేసిందన్నదే తన ప్రశ్ననీ చెప్పింది.

“నెక్స్ట్! నీలం గీత, పైకెక్కి కిందకి దిగిపోతంది!”

సరిగ్గా అదే బొమ్మ. తనూజకి ప్రాణం లేచొచ్చింది. ఆయన పిలవడం, ఈమె చెప్పడం, బండి మంచి ఊపు మీద పోతోంది. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని గోవిందరావు, వెనక ఆయన భార్య, చేతిలో కొబ్బరి బొండాలతో దిగారు.

“ఒరే సిన్నారావూ! బంగారం లాంటి పిల్ల, కళ్ళెలా పోయాయిరా!”

“ష్! కళ్ళు పోలేదు బావగారూ, సుక్కలేసినారంతే!” అని తనూజ తల్లి అప్పయమ్మ అంతకంటే గట్టిగా అరిచింది. “లోపల పెద్ద పెద్ద మేస్టర్లు ఇంటన్నారు, గట్టిగా ఏడవకండి!”

“మెల్లిగా ఏడుస్తాంలే వదినా,” అని ఆ ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలో చతికిలబడింది.

తనూజ పళ్ళు కరుచుకుని సాగించింది. చివరి బొమ్మ దాకా వచ్చేసరికి ఓ మరక గొంతు సవరించుకుంది. “డాక్టర్ తనూజా, వినడానికి బాగుంది. కానీ మాకు మొదటి నుంచీ మీ పేరున్న పేజీ ఒక్కటే కనబడుతోంది. అది మారనే లేదు.”

“ఎర్ర చుక్క రాలేదా?”

“ఏ ఎర్ర చుక్క?”

తనూజ మెల్లగా తండ్రి వైపు తిరిగింది. “నాన్నా. ఇంతసేపూ నువ్వు ఏ మీట నొక్కావు? ఏం చూసి పిలిచావు?”

చిన్నారావు స్టూలు మీద ముడుచుకుపోయాడు. “ఏ మీటో నాకేటి తెల్సును? నాకూ ఏటీ అవుపడదే, స్కూటరు కూడా అలవాటు మీద నడుపుతన్నాను. రెండు కళ్ళకీ పొరలొచ్చేసినాయి. ఏ-వన్ సిన్నారావుకి కళ్ళు పోయాయంటే కాలనీలో నవ్వరేటి? ఆ మందు నాకే ఎయ్యాల్సింది. పేరు పిలిచేసరికి బయమేసి నిన్ను తోసేసినాను.”

“మరి బొమ్మలన్నీ వరస తప్పకుండా ఎలా పిలిచావు?”

“కొత్త లైను మీద బండి నడపాలంటే ముందు ఆ దారంతా తిరిగి, ఏ సిగ్నల్ ఎక్కడుందో నోటికి నేర్చుకోవాలి. నువ్వు రోజూ సాయంత్రం సెప్పుకుంటుంటే గుమ్మంలో కూకుని ఇన్నాను. నోటికొచ్చేసింది.”

తనూజలో ఎనిమిదేళ్ళ కోపం కట్టలు తెంచుకుంది.

“వినడం వచ్చా నీకు? ఇన్నాళ్ళూ తలూపి తలూపి, వినడానికి ఈ రోజే దొరికిందా? కళ్ళు కనబడకపోతే నాతో చెప్పడానికి నామోషీనా? నా కళ్ళలో మందు పోయించడానికి లేదేం నామోషీ? వయసు అయిపోయింది నాన్నా, నాకింక ఇంటర్వ్యూల్లేవు! రేపట్నుంచి గోవిందరావు అంకుల్ అల్లుడి బోర్డు మీద నా పేరు! ఖతమ్!”

వరండాలో ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో లాప్‌టాప్‌లోంచి పసుపు చీర మరక నిదానంగా, శుభ్రమైన తెలుగులో మాట్లాడింది.

“తనూజ గారూ, మైకు ఆన్‌లోనే ఉందమ్మా.”

తనూజకి నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది. నేల విచ్చుకోలేదు.

“బొమ్మలు వదిలేయండి. ఆ గెలాక్సీ ఎందుకు ఆగిపోయిందో చెబుతున్నారుగా, అది చెప్పండి,” అంది శాంతాదేవి, మళ్ళీ ఇంగ్లీషులోకి మారి.

ఇక పోయేదేముంది? నల్లద్దాలు తీసి పక్కన పారేసి తనూజ చెప్పింది. వాళ్ళు అడిగిన దానికల్లా జవాబు చెప్పింది, అదీ తండ్రి మీది కోపంతోనే. భయపడటానికి ఆ కోపంలో చోటు లేకపోయింది. అయ్యాక వెళ్ళి మంచం మీద బోర్లా పడుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నారావు కొబ్బరి బొండం పట్టుకుని తలుపు దగ్గర నించున్నాడు గానీ లోపలికి అడుగు వెయ్యలేదు.

రెండు వారాల తరవాత శాంతాదేవే స్వయంగా ఫోను చేసింది. ఉద్యోగం తనూజకే.

“మేడమ్, నన్నెలా తీసుకున్నారు?” అని తనూజ ఉండబట్టలేక అడిగింది.

“మిగతా అందరివీ బొమ్మలు చాలా బాగున్నాయమ్మా,” అని నవ్వి ఊరుకుంది ఆవిడ.

“పర్మనెంటేనా?” అన్నాడు చిన్నారావు.

“పర్మనెంటే నాన్నా.”

ఆయన పెరట్లోకి పోయి, శుభ్రంగా ఉన్న స్కూటర్ని చాలాసేపు తుడిచాడు. ఆ సాయంత్రమే తనూజ ఆయన్ని రెక్క పట్టుకుని కళ్ళాసుపత్రికి లాక్కెళ్ళింది. ఈసారి పేరు పిలిచినప్పుడు తోయడానికి ఆయన పక్కన ఎవరూ లేకుండా తను దూరంగా నించుంది.

ఒకటి తరవాత ఒకటిగా రెండు కళ్ళకీ ఆపరేషన్లయ్యాయి. తనూజ ఉద్యోగంలో చేరడానికి బయల్దేరే ముందు చిన్నారావు పిలిచాడు. “ఏదీ, నీ గెలాక్సీ సూపించు. నోటికొచ్చింది గానీ ఒక్కసారీ సూడలేదు.”

తనూజ లాప్‌టాప్ తెరిచి, ఎనిమిదేళ్ళ తన బతుకంతా ధారపోసిన ఆ బొమ్మని ఆయన ముందు పెట్టింది. నల్లటి తెర మధ్యలో, అంచులు చెదిరిపోయిన ఎర్రటి మరక.

చిన్నారావు కళ్ళు నులుముకున్నాడు. కిటికీలోంచి దూరంగా యార్డు సిగ్నల్ చూశాడు. అది స్పష్టంగా, చక్కగా ఉంది. మళ్ళీ తెర చూశాడు.

“ఏటే ఇది, ఇంత మసగ్గా ఉంది?”

“దొరికిన వాటిలో ఇదే మంచి ఫోటో నాన్నా. దాన్ని ఇంతకంటే బాగా ఇంకెవరూ చూడలేదు.”

చిన్నారావు తలూపాడు.

“అచ్ఛా. అందుకేనేటి, నీకేటీ అవుపడకపోయినా ఉజ్జోగం ఇచ్చేసినారు.”