ఉప్పు లేని విందు

ఆ ఉదయం లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రైలెక్కి, ఒకప్పుడు తాను బతికిన నగరానికి వెళ్ళాలి. పాత స్నేహితులను చూడాలి. బాబాయ్ హోటల్లో కడుపు పగిలేలా తినాలి. సాయంత్రం రైలుకు తిరిగి రావాలి. తిండికి చోటు మిగలాలని ముందురోజు రాత్రి భోజనం మానేశాడు. పొద్దున టిఫినూ వద్దన్నాడు. అసలే బక్కమనిషి. దానికి తోడు, తెల్లబడిందని ఆ వారమే మీసం తీసేశాడు. మీసం పోయాక అద్దంలో చూసుకుంటే మొహం సామాను ఖాళీ చేసిన గదిలా ఉంది.

గుమ్మం దాటబోతుంటే భార్య ఒక సంచి తెచ్చి చేతిలో పెట్టింది. అందులో ఒక పెద్ద కత్తెర, ఒక నల్ల గొడుగు, గిన్నెల క్యారియర్ ఒకటి ఉన్నాయి.

"ఇవి మనవి కావుగా? అటక మీద దొరికాయి. ఎవరివి వాళ్ళకిచ్చేసి రండి."

"ఇవి ఇవ్వకూడదే..."

"ఏం, కరుస్తాయా?"

ఎందుకివ్వకూడదో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. టైలరు, కాంపౌండరు, తను కలిసి బాబాయ్ హోటల్ మీది గదిలో బ్రహ్మచారులుగా ఉన్న రోజుల్లో ఒక నియమం పెట్టుకున్నారు. ఒకరి వస్తువు ఇంకొకరు తీసుకుంటే తిరిగి ఇవ్వకూడదు. "అప్పు తీరిపోయిన ఇంటికి మళ్ళీ ఎవడొస్తాడ్రా?" అనేవాడు టైలర్. కానీ తల మీద కొంగు చుట్టుకుని, చేతిలో చీపురుతో నిలబడ్డ భార్యకు స్నేహధర్మాలు వివరించడం ఎవరి తరమూ కాదు. సంచి పట్టుకుని బయల్దేరాడు.

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక తన మనసును తానే విప్పి చూసుకున్నాడు. లిఫ్టు తలుపు తీసి లోపలి తీగలు చూసినంత శ్రద్ధగా చూసుకుంటే, స్నేహితులూ తిండీ రెండూ నెపాలేనని తేలింది. అసలు పని వేరే ఉంది. బాబాయ్ నోటి నుంచి ఒక్క మాట రాబట్టాలి. బాబాయ్ వరసకు ఏమీ కాడు. వంట చేసి పెట్టిన చేతికి ఏదో ఒక పిలుపు ఉండాలి కనుక ముగ్గురూ అలా పిలిచేవారు. మెకానిక్‌కు బదిలీ అయి నగరం వదిలిన రోజున ఆయనే క్యారియర్ నిండా భోజనం సర్ది, "ఉండు, పెరుగు తెస్తా" అని లోపలికి వెళ్ళాడు. ఆయన గిన్నెతో బయటికి వచ్చేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. వెళ్ళొస్తానని చెప్పడం మెకానిక్‌కు చేతకాలేదు. అప్పటినుంచి బాబాయ్ ఉత్తరానికి జవాబివ్వడు, ఫోనుకు పలకడు. "నీ ఊసెత్తితే గరిటె విసురుతున్నాడ్రా" అని టైలర్ చెబుతుండేవాడు.

టైలర్ కొట్టు అక్కడే ఉంది. అతని మెడలో టేపూ అక్కడే ఉంది. "ఒరేయ్ లిఫ్టూ!" అని కేక పెట్టి కావలించుకున్నవాడు సగంలో ఆగిపోయాడు. చేతుల్లోకి రావలసినంత మనిషి రాలేదు. అలవాటుకొద్దీ టేపు తీసి స్నేహితుడి నడుం చుట్టూ తిప్పాడు.

"ఏంట్రా ఇలా అయిపోయావు? మీసం ఏదీ?"

"తీసేశాన్రా. ఈ వయసులో ఇంక దాంతో పనేముంది? ఇదిగో, ముందు ఇది తీసుకో."

టేబుల్ మీద పెట్టిన కత్తెర వంక టైలర్ పామును చూసినట్టు చూశాడు. "ఇదెందుకు తెచ్చావు?"

"నీదేగా. ఎవరివి వాళ్ళకిచ్చేస్తే బరువు తీరిపోతుంది. గొడుగు కాంపౌండర్‌కి, క్యారియర్ బాబాయ్‌కి."

టైలర్ స్టూలు మీద కూలబడ్డాడు. ఎదుటివాళ్ళ మనసు చదవడం తనకు బాగా వచ్చునని మెకానిక్ నమ్మకం. లిఫ్టు మధ్యలో ఆగిపోతే, లోపల ఇరుక్కున్నవాళ్ళ గొంతులు విని ఎవరు ఎంత భయపడుతున్నారో చెప్పగలడు. ఇప్పుడు టైలర్ మొహం చూశాడు, గుడ్డ కప్పి మూలన పెట్టిన రెండు కుట్టుమిషన్లు చూశాడు. సంగతి అర్థమైపోయింది. పాపం, కొట్టు మూసేయబోతున్నాడు. నోరు విప్పి చెప్పుకోలేకపోతున్నాడు.

అందుకని భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు: "చూడరా, ఏదైనా ఎన్నాళ్ళుంటుంది? ఎప్పుడో ఒకప్పుడు మూసెయ్యాల్సిందే. నడిచినన్నాళ్ళూ బాగా నడిచింది, అది చాలదూ?"

టైలర్ తాను కుడుతున్న, ఇంకా అతికించని చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "నీకు భయం లేదట్రా?"

"నాకెందుకు భయం? బాధంతా నీదేగా."

ఇంత గొప్పవాడితోనా తను అన్నాళ్ళు ఒకే చాప మీద పడుకున్నదని టైలర్‌కు ఒళ్ళు జలదరించింది. "ఏమన్నా పెట్టరా, ఆకలి దంచేస్తోంది" అని మెకానిక్ అడిగితే, లోపలికి వెళ్ళి ఫోన్లో గుసగుసగా మాట్లాడి, గ్లాసుడు బార్లీ నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

కాంపౌండర్ పనిచేసే క్లినిక్ రెండు వీధుల అవతల. టైలర్ కొట్టు కట్టేసి తనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టర్లు మారుతుంటారు, కాంపౌండర్ మారడు. అందువల్ల డాక్టర్లకంటే తనకు ఒక ఆకు ఎక్కువే తెలుసని అతని ఉద్దేశం. మెకానిక్ కూర్చోకముందే మణికట్టు పట్టుకున్నాడు. కనురెప్ప కిందికి లాగి చూశాడు. నాలుక చాపమన్నాడు.

"ఇదేం పలకరింపురా? ఇదిగో నీ గొడుగు."

"ఆ... ఆ కొక్కేనికి తగిలించు." గొంతు సర్దుకున్నాడు. "డాక్టర్లు ఏమన్నారు?"

"ఏ డాక్టర్లు?"

కాంపౌండర్, టైలర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంటే వీడికి చెప్పలేదన్నమాట" అన్నాడు కాంపౌండర్. మనసులో అనుకోబోయింది పైకి అనేశాడు.

"ఏం చెప్పలేదు? నాకేం జబ్బు లేదురా! నిక్షేపంలా ఉన్నా!"

"అవునవును. నువ్వు బాగానే ఉన్నావు. ముందు ఈ జావ తాగు."

ఆ 'అవునవును' మెకానిక్‌కు నచ్చలేదు. ఎవరైనా కాదని వాదిస్తే గెలవవచ్చు. ఇంత మెత్తగా ఒప్పుకుంటే ఏం చెయ్యాలి?

ఇద్దరూ చెరో జబ్బ పట్టుకుని బాబాయ్ హోటల్‌కు నడిపిస్తుంటే అతని ఆలోచన ఒక్కో అంతస్తే దిగసాగింది. మొన్న భార్య చివరి రొట్టెముక్క తన కంచంలోనే వేసింది. ఎందుకని? తువ్వాలు మంచం మీద పడేస్తే వారంగా ఒక్క మాట అనలేదు. ఎందుకని? 'అందర్నీ ఒకసారి చూసి రండి' అని తనే టికెట్టు తీయించింది. ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యమంది. ఆపైన, కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది కూడా. అటక దుమ్ము అంది. దుమ్మేనా? వీధి చివరికి వచ్చేసరికి మెకానిక్‌కు నిజంగానే కాళ్ళు తేలిపోయాయి. అది చూసి స్నేహితులు పట్టు ఇంకాస్త బిగించారు.

హోటల్ తలుపు ఓరగా వేసి ఉంది. 'ఈ పూట సెలవు' అని అట్టముక్క వేలాడుతోంది. టైలర్ ఫోన్ చేసి ఏడ్చేసరికి బాబాయ్ గిరాకీని వెళ్ళగొట్టేశాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే పొయ్యి మీదినుంచి చేపలు వేగుతున్న వాసన వచ్చి మెకానిక్‌ను మొహాన కొట్టింది. ప్రాణం మీది బెంగ ఒక పక్కన ఉండగానే, ముక్కు దాని దారిన అది ఆ వాసనంతా పీల్చుకుంది.

బాబాయ్ చూశాడు. తలపాగా మునుపటిదే, దాని కింది జుట్టు మాత్రం పూర్తిగా నెరిసింది. మెకానిక్ క్యారియర్ చేతికిస్తే తీసుకుని, మూత తీసి లోపలికి చూసి, పక్కన పెట్టాడు. మాట లేదు. పెద్ద గిన్నెతో జావ తెచ్చి ముందు పెట్టాడు. మెకానిక్ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. ఉప్పేమిటి, ఏ రుచీ లేదు. గోడను నాకినట్టుంది.

గిన్నె ఖాళీ కాగానే బాబాయ్ ఇంకో గిన్నె పోశాడు. పోసి, పొయ్యివైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

"ఏడుస్తున్నాడ్రా" అని టైలర్ గొణిగాడు.

మెకానిక్ ఇక తట్టుకోలేకపోయాడు. ఫోన్ తీసి, అందరికీ వినిపించేలా పెట్టి, భార్యను పిలిచాడు. "నిజం చెప్పు. నాకేమైనా ఉందా?"

"ఉంది. బద్ధకం."

"అది కాదు! నన్ను ఇంత పట్టుబట్టి ఎందుకు పంపావు?"

"గోడలకి రంగు వేయించాలని. మీరుంటే ఆ రంగు బాలేదు, ఈ రంగు బాలేదంటారు. సగం అయింది, వచ్చాక చూద్దురుగాని." ఫోన్ పెట్టేసింది.

మెకానిక్‌కు పోయిన ప్రాణం లేచి వచ్చింది. "విన్నారా?"

"పాపం చెల్లెమ్మ, ఎంత ధైర్యంగా నటిస్తోందో!" అన్నాడు టైలర్.

"ఇంటికి రంగులు కూడా వేయిస్తున్నారంటే..." అని కాంపౌండర్ మాట మింగేశాడు.

"ఒరేయ్ మూర్ఖుల్లారా! జబ్బుమనిషి ఈ పని చెయ్యగలడట్రా?" అంటూ మెకానిక్ ఒక్క ఉదుటున లేచి మూలనున్న బియ్యం బస్తా ఎత్తాడు. బస్తా లేచింది. మెకానిక్ లేవలేదు. నడుంలో 'టక్' మని ఏదో పట్టేసి, వంగినవాడు వంగినట్టే నిలిచిపోయాడు. ముగ్గురూ కలిసి అతన్ని చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఓరగా ఉన్న తలుపులోంచి చూసిన రోజువారీ గిరాకీ ఒకాయన చెప్పులు బయట విడిచి, టోపీ తీసి, కాసేపు మౌనంగా నిలబడి వెళ్ళిపోయాడు.

బాబాయ్ మిగతా ఇద్దరినీ మందుల షాపుకు తరిమాడు. హోటల్లో ఇద్దరే మిగిలారు. పైకప్పును చూస్తూ మెకానిక్ అన్నాడు: "బాబాయ్, నాకేం జబ్బు లేదు."

"తెలుసు."

రైలెక్కినప్పటినుంచి ఎదురుచూసిన మాట ఇంత పొట్టిగా ఉంటుందని అతను అనుకోలేదు. "ఎప్పుడు తెలిసింది?"

"గుమ్మంలో నిలబడి ఆ వాసన పీల్చావు చూడు, అప్పుడే. ఇన్నేళ్ళుగా జనానికి వండి పెడుతున్నా. ఆకలేసినవాడికీ, ఆయువు తీరినవాడికీ తేడా తెలీదుట్రా నాకు?"

"మరి ఆ జావ?"

"పెరుగు గిన్నెతో నన్ను రోడ్డు మీద నిలబెట్టావే, దానికి."

"రెండు గిన్నెలా?"

"మూడోది కూడా ఉంది. నవ్వు ఆపుకోలేక పొయ్యలేకపోయా."

మెకానిక్ నవ్వబోతే నడుం కలుక్కుమంది. బాబాయ్ వచ్చి తల కింద మడత పెట్టిన గోనెసంచి సర్దాడు. చెయ్యి వెంటనే తీయలేదు.

"వెళ్ళొస్తానని చెబితే ఏం పోయేదిరా?"

"చెప్పుంటే వెళ్ళేవాణ్ణి కాదు బాబాయ్."

బాబాయ్ మళ్ళీ పొయ్యివైపు తిరిగాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఈసారి భుజాలు కదలలేదు. ఆయన నవ్వడం లేదని మెకానిక్‌కు దాన్నిబట్టే తెలిసింది.

టైలరూ కాంపౌండరూ పైపూత మందుతో పరుగెత్తుకొచ్చేసరికి, బల్ల మీద పడుకున్న మనిషికి బాబాయ్ వేయించిన చేపను ముళ్ళు తీసి తన చేత్తో నోట్లో పెడుతున్నాడు. పడుకున్నవాడి కళ్ళవెంట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"ఆఖరి కోరిక తీరుస్తున్నాడ్రా!" టైలర్ గుమ్మంలోనే బావురుమన్నాడు.

"నూనె! బాబాయ్, నూనె పెట్టకూడదు!" కాంపౌండర్ అడ్డం వచ్చాడు.

"నోళ్ళు మూసుకుని కంచాలు తెచ్చుకోండ్రా ఇద్దరూ" అన్నాడు బాబాయ్. "వీడికి చావూ లేదు, గీవూ లేదు. ఉన్నదల్లా తిండియావ."

నమ్మడానికి వాళ్ళకు ఒక చేపముక్క పట్టింది. నమ్మాక టైలర్‌కు మండిపోయింది. "నీ కోసం పొద్దున్నించీ కొట్టు కట్టేసి ఏడుస్తున్నా కదరా, దరిద్రుడా!"

"నేను నీ కొట్టు కోసం బాధపడుతున్నాన్రా! మూసేస్తున్నావనుకుని."

"నా కొట్టుకేం? కొత్త మిషన్లు కొన్నాను, అందుకే పాతవాటికి గుడ్డ కప్పా!"

వారందాకా నడుం కదపరాదని కాంపౌండర్ తేల్చి చెప్పాడు. ఈ ఒక్కసారి అతను చెప్పింది నిజమే. పడుకోవడానికి మీది గది ఉంది, తినడానికి కింద పొయ్యి ఉంది. "ఆ అమ్మాయిని కూడా రమ్మనండ్రా, నా చేతి వంట ఒక్కసారీ తినలేదు" అన్నాడు బాబాయ్. మెకానిక్ నోటినిండా చేప ఉండడంతో ఫోన్ టైలర్ అందుకున్నాడు. పొద్దుటినుంచి ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో, ఇక్కడ కంగారు పడవలసిందేమీ లేదనీ, ఉన్నపళంగా బయల్దేరి రమ్మనీ ఆవిడకు చెప్పాడు.