డిష్‌కి దిశానిర్దేశం

“మా ఇంటి కప్పుమీద డిష్ పెట్టించుకోవాలని సూత్రప్రాయంగా నిర్ణయించాం,” అని ప్రసారాల శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. “ప్రజలు ఆకాశం వంక చూస్తున్నారు. ఇకనుంచి వాళ్ళకి తోడుగా మా డిష్ కూడా చూస్తుంది.”

విలేకరులు రాసుకున్నారు. ఒకాయన మాత్రం, “ఇన్నాళ్ళూ మీ ఇంట్లో టీవీ రావడం లేదా సార్?” అని అడిగాడు.

“వచ్చేది. మేమే ఆపించాం. అభివృద్ధి అంటే అదే.”

ఆ మాటకి అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు గోడవారన నిలబడ్డ బామ్మర్ది. చప్పట్లలో అతనికి మంచి టైమింగుంది. మాట పూర్తికాకముందే కొడితే తొందరపాటు, పూర్తయ్యాక కొడితే బద్ధకం, సరిగ్గా ఆఖరి అక్షరం మీద కొడితేనే అభిమానం. ఈ విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు. మంత్రిగారి భార్యకి సొంత తమ్ముడై పుట్టడం వల్ల అతనికి ఇంట్లోనే అబ్బింది. అతను చేసే ఉద్యోగం బామ్మర్దిగా ఉండడం. చెయ్యబోయే ఉద్యోగం ఉద్యానవనాల కార్పొరేషన్ ఛైర్మన్‌గిరీ. ఆ పదవి ఇప్పిస్తానని బావ మాటిచ్చాడు. పక్కింటి టైలరు దగ్గర కోటు కుట్టించుకోవడం కూడా అయింది. ఇక పదవి రావడమే తరువాయి.

టీవీ ఆగిన కథ ఇది. వీధిలో వేలాడే కేబుల్ వైర్లు అందాన్ని చెడగొడుతున్నాయని, వాటిని తొలగించే కార్యక్రమాన్ని మంత్రిగారు స్వయంగా ప్రారంభించారు. ఆయనది కత్తెర అలవాటైన చెయ్యి. ఎదురుగా సాగదీసినట్టు ఏది కనిపించినా అది రిబ్బనా, వైరా అని అడగరు. కెమెరాల ముందు చిరునవ్వుతో కసుక్కున కత్తిరించారు. తెగింది ఆయనింటి వైరే. కార్యక్రమం అక్కడితో విజయవంతంగా ముగిసింది. మిగతా వైర్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

బయట వైరు తెగింది, ఇంట్లో వైరం మొదలైంది.

“ఏవండీ, వీధిలో అన్ని వైర్లుండగా మీ కత్తెరకి మన వైరే దొరికిందా?” అంది అక్క.

“త్యాగం మన ఇంటినుంచే మొదలవ్వాలి.”

“త్యాగం మీదైతే మీ వార్తలు మానెయ్యండి. నా సీరియల్లో కోడలికి పాలల్లో విషం కలిపిచ్చారు. తాగిందో లేదో తెలీక నాకు అన్నం దిగడం లేదు.”

అక్కకి కోడలి బెంగైతే, తమ్ముడికి ఆదివారం బెంగ. ఆదివారం సాయంత్రం పార్టీ అధినేత టీవీలో మాట్లాడతారు. మంత్రివర్గంలో ఎవరుంటారో, ఎవరూడతారో, ఏ కార్పొరేషన్ ఎవరికో అందులోనే చదువుతారు. ముందుగా చెవిలో చెప్పడం ఆయన పద్ధతి కాదు. పేరు వినపడ్డ మరుక్షణం బొకే పట్టుకుని ఆయనింటికి పరిగెత్తి కృతజ్ఞత చెప్పుకోవడం పార్టీ పద్ధతి. ఆలస్యంగా వచ్చినవాడు మధ్యలో కాసేపు ఆలోచించాడని అర్థం. ఆ పార్టీలో అంతకు మించిన నేరం లేదు. క్రితంసారి కరెంటు పోయి ఒక మంత్రి మర్నాడు పొద్దున బొకేతో వెళ్ళాడు. అప్పటికే ఆయన కుర్చీలో ఇంకొకాయన కాఫీ తాగుతున్నాడు.

కాబట్టి ఆదివారంలోగా డిష్ లేవాలి. లేవకపోతే బావ మంత్రిపదవీ నిలవదు, బామ్మర్ది కోటూ హ్యాంగరు దిగదు.

షాపువాడు గోడకి ఆనించిన డిష్‌లన్నీ చూపించి, “పెద్దది తీసుకోండి సార్. వానొచ్చినా బొమ్మ చెదరదు,” అన్నాడు.

మంత్రిగారు పెద్దదాన్ని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. “అధినేతగారింటి డిష్ ఎంతుంటుంది?”

“తెలీదు సార్.”

“తెలీకుండానే పెద్దది కొనమంటున్నావా? ఆయనదానికంటే మనది పెద్దదని తేలితే దాన్ని డిష్ అనరు, తిరుగుబాటంటారు.”

“పోనీ చిన్నది?”

“నీళ్ళ మంత్రి డిష్ కంటే చిన్నదైతే మా శాఖకి విలువేం ఉంటుందయ్యా?”

అందువల్ల బామ్మర్ది టేపు జేబులో వేసుకుని అధినేత బంగళాకి వెళ్ళాడు. వెనకవైపు మెట్లెక్కి డిష్‌కి టేపు ఆనించేసరికి గార్డు భుజం పట్టుకున్నాడు.

“ఏం కొలుస్తున్నావ్?”

బామ్మర్ది రెప్ప కొట్టలేదు. “అధినేతగారి స్థాయి.”

గార్డు పట్టు వదిలాడు. “ఎంతొచ్చింది?”

“టేపు చాలడం లేదు.”

గార్డు సెల్యూట్ కొట్టి, ఎక్కి కొలుచుకోమని తన స్టూలు తెచ్చి వేశాడు.

తేలిందేమంటే, మంత్రిగారికి కావలసింది అధినేత డిష్ కంటే వేలెడు తక్కువ, నీళ్ళ మంత్రి డిష్ కంటే వేలెడు ఎక్కువ. ఆ సైజు ఏ కంపెనీవాడూ తయారుచెయ్యడం లేదు. పరిశ్రమకి ముందుచూపు లేదని మంత్రిగారు విచారించి, పెద్దదే కొని అంచు చుట్టూ కోయించారు. ఆ విధంగా వినయం డిష్ అంచుదాకా వచ్చింది.

మర్నాడు డిష్ మెకానిక్ వచ్చాడు. నడుముకి బెల్టు, బెల్టుకి స్పానర్లు, చెవిమీద పెన్సిలు. కప్పుమీద పైపు నిలబెట్టి, డిష్ తగిలించి, దక్షిణం వైపు అటూ ఇటూ కదిపాడు. కింద హాల్లోంచి అక్క కేక వినపడింది.

“వచ్చిందిరా. అద్దంలా ఉంది. గ్లాసు ఇంకా కోడలి చేతిలోనే ఉంది.”

మంత్రిగారు ఫొటో కోసం తల దువ్వుకుని పైకొచ్చారు. డిష్‌ని చూశారు.

“ఏంటయ్యా, దీని మొహం ఎటుంది?”

“దక్షిణానికండి. శాటిలైట్ అటుంది.”

“అటు ఇంకెవరున్నారో చూశావా?”

మెకానిక్ చూడలేదు. బామ్మర్ది చూశాడు. ఆ వీధికి ఉత్తరపు కొసన గట్టుమీద అధినేత బంగళా. దక్షిణపు కొసన నీళ్ళ మంత్రి ఇల్లు. నడిమధ్య వీళ్ళది. నీళ్ళ మంత్రి అధినేత మీద అలిగారనీ, అసమ్మతికి ఆయనే ఊట అనీ పేపర్లు రాస్తున్న రోజులు. అలాంటి సమయంలో ప్రసారాల మంత్రిగారి డిష్, మొహం అసమ్మతికి ఇచ్చి, వీపు అధినేతకి చూపిస్తూ పట్టపగలు నిలబడి ఉంది.

“శాటిలైట్‌ని కొంచెం ఇటు జరపొచ్చా? అది ఏ శాఖ కిందకొస్తుంది?” అని మంత్రిగారు కార్యదర్శికి ఫోన్ చేశారు. పరిశీలిస్తామనీ, అయితే ఆకాశంలో స్థలసేకరణ కష్టమనీ కార్యదర్శి మనవిచేశాడు.

“అయితే డిష్‌నే తిప్పు,” అన్నారు మంత్రిగారు.

“డిష్‌కి దిశ ముఖ్యం సార్,” అన్నాడు మెకానిక్.

“మాకు దిశానిర్దేశం చేసేది అధినేత, నువ్వు కాదు. డిష్‌స్థానం ఎప్పుడూ అధిష్ఠానం వైపే ఉండాలి.”

బామ్మర్ది “ఉండా” దాకా ఓపికపట్టి, “లి” మీద చప్పట్లు కొట్టాడు.

“తిప్పితే బొమ్మ రాదు సార్. చుక్కలొస్తాయి.”

“అధినేతకి ఎదురుగా నిలబడితే ఎవరికైనా చుక్కలే కనిపిస్తాయి. తిప్పు.”

“తిప్పడం మా పని, చూసుకోవడం మీ పని,” అంటూ మెకానిక్ స్పానర్ తీశాడు. డిష్ గుండ్రంగా తిరిగి గట్టుమీది బంగళాకి అభిముఖమైంది.

కింద అక్క, “ఒరేయ్, పోయిందిరా. గ్లాసు పెదాల దాకా వచ్చి పోయింది,” అంది.

“మరి ఆదివారం ఎలా బావా?” అన్నాడు బామ్మర్ది గొంతు తగ్గించి.

“పిచ్చివాడా. ఆదివారం మనం ఆయన్ని చూడ్డం కాదురా, ఈలోగా ఆయన మనల్ని చూడాలి.”

ఆయన చూశారు. సాయంత్రం మేడమీద షికారు చేస్తూ, తనవంకే నోరు తెరుచుకుని ఉన్న డిష్‌ని చూసి ఆగి, “బావుంది,” అన్నారట. ఆ ఒక్క మాట పేపర్లో ఫొటోతో సహా పడింది. ఇక మెకానిక్‌కి ఊపిరి సలపలేదు. అదే వీధిలో ఉండే రోడ్ల మంత్రి డిష్ తిప్పించారు. చదువుల మంత్రి, లేని డిష్‌ని కొనుక్కొచ్చి మరీ తిప్పించారు. పేపర్లవాళ్ళు దీన్ని ‘ప్లేటు ఫిరాయింపు’ అంటే, ప్రసారాల మంత్రిగారు ఖండించారు. ప్లేటు వేరు, డిష్ వేరు అన్నారు.

వీధి మొత్తానికి తిప్పనివాళ్ళు ఇద్దరే. ఒకరు టైలరు, ఆయనకి రాజకీయాలు తెలీవు. రెండోవారు నీళ్ళ మంత్రి.

“ఆయనింట్లో ఇంకా బొమ్మ వస్తోందట,” అని మిగతా మంత్రులు గుసగుసలాడుకున్నారు. “అంత బరితెగించినవాడు ఆదివారం ఊడడం ఖాయం.”

ఆదివారం సాయంత్రం అక్క సీరియల్ కోసం టైలరింటికి వెళ్ళిపోయింది. బామ్మర్ది కోటు తొడుక్కున్నాడు. బొకే బల్లమీద సిద్ధంగా ఉంది. మంత్రిగారు, పీఏ, బామ్మర్ది టీవీ ముందు నిటారుగా కూర్చున్నారు. తెరనిండా చుక్కలు, గదినిండా బుస.

“అదిగో, అధినేత,” అన్నారు మంత్రిగారు, చుక్కలు కాస్త చిక్కగా ఉన్నచోట వేలు పెట్టి.

“నవ్వుతున్నారు సార్,” అన్నాడు పీఏ.

బామ్మర్ది కళ్ళు చికిలించి చూశాడు. కార్పొరేషన్ పేరు కోసం బుసలోకి చెవి పెట్టాడు. ఏమీ తెలియలేదు. అంతలో రోడ్ల మంత్రి ఇంట్లోంచి చప్పట్లు వినపడ్డాయి. వాళ్ళు కొడుతుంటే ఊరుకోవడం బావుండదని వీళ్ళూ కొట్టారు. అది విని చదువుల మంత్రి ఇంట్లో కొట్టారు. అది విని రోడ్ల మంత్రి ఇంట్లో మరింత గట్టిగా కొట్టారు.

“మన పేరు చదివేసినట్టున్నారు. లేవండి, లేవండి. ఆలస్యమైతే ఆలోచించామనుకుంటారు,” అన్నారు మంత్రిగారు.

గేటు దగ్గర అక్క ఎదురొచ్చింది. “సీరియల్ మధ్యలో ఆపేసి మీ అధినేతని చూపించారండీ. ఆయన ఏమన్నారంటే—”

“తెలుసు, తెలుసు. చప్పట్లు విన్నాం. పక్కకి తప్పుకో.”

“సరే, మీ ఇష్టం,” అని అక్క తప్పుకుంది.

బంగళా గేటు దగ్గర గార్డు లేడు, అతని స్టూలు మాత్రం ఉంది. లోపల మంత్రులందరూ బొకేలతో వరసకట్టారు. వరండాలో అధినేత ఒక్కరే, పక్కన సూట్‌కేసుతో కూర్చుని ఉన్నారు. చుట్టూ టీవీ కెమెరాలు. బొకేలు ఒక్కొక్కటీ అందుకుంటూ, పూల తడికో కళ్ళ తడికో తెలీనట్టు రుమాలు మాటిమాటికీ తీస్తున్నారు. చివరికి లేచి నిలబడ్డారు.

“ఈ పూట నా గుమ్మం ఎవరూ తొక్కరనుకున్నాను. మీరంతా వచ్చారు. నేను పదవికి రాజీనామా చేసి, కుర్చీని నీళ్ళ మంత్రిగారికి అప్పగించాను.”

“ను” మీద బామ్మర్ది చప్పట్లు కొట్టాడు.

అర్థం బుర్రకి చేరేలోపే చేతులు పనిచేసేశాయి. అన్నేళ్ళ సాధన మరి. ఇంకెవరూ కొట్టలేదు. కెమెరాలన్నీ తిరిగి అతన్ని చూశాయి. అతను ఆపుదామనుకున్నాడు గానీ, మధ్యలో ఆపితే ఇంకా బావుండదని నెమ్మదిగా తగ్గించాడు.

ముందు తేరుకున్నది బావ. కెమెరా వైపు అడుగేసి, “మేం వచ్చింది ఇందుకే. దిగిపోవడం కూడా ప్రజాసేవే. వారి నిర్ణయాన్ని స్వాగతిస్తున్నాం,” అన్నారు. తర్వాత మాజీ అధినేత చేతిలోంచి మెల్లగా బొకే లాగి, “ప్రయాణంలో ఇవన్నీ మీకు అడ్డం,” అన్నారు.

అది చూసి మిగతావారూ ఎవరి బొకే వారు వెతుక్కున్నారు. పెద్దది తనదేనని రోడ్ల మంత్రి పట్టుబట్టడంతో కాస్త తోపులాట జరిగింది. ఆ తర్వాత కార్లన్నీ వెనక్కి తిరిగి, దక్షిణపు కొసకి బయల్దేరాయి.

కొత్త అధినేత సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నారు. బొమ్మ అద్దంలా ఉంది. ఎవర్నీ కూర్చోమనలేదు.

“ఇందాక మొట్టమొదట చప్పట్లు కొట్టిందెవరు?”

బామ్మర్ది చేతులు రెండూ కోటు జేబుల్లో దాచుకున్నాడు.

“వాడాండీ,” అన్నారు బావ ఓ అడుగు పక్కకి జరిగి, “మా ఆవిడ తరఫు. ఏదో దూరపు వరస. నేనెప్పుడో చెప్పాను, బయటికి తీసుకురాకూడదని.”

“ఆయన దిగిపోయానన్నాక మీరందరూ బొమ్మల్లా నిలబడ్డారు. అతనొక్కడే క్షణం ఆలోచించలేదు,” అన్నారు కొత్త అధినేత. “అలాంటివాళ్ళే కావాలి నాకు. ఏం అడుగుతాడో కనుక్కోండి.”

“ఉద్యానవనాల కార్పొరేషన్ అండి,” అన్నారు బావ, బామ్మర్ది భుజంమీద చెయ్యేసి. “నా సొంత బామ్మర్ది. నేనే పెంచాను.”

మర్నాడు పొద్దున్నే మెకానిక్‌కి అన్ని ఇళ్ళనుంచీ ఒకేసారి కబురొచ్చింది. డిష్‌లన్నీ ఉత్తరంనుంచి దక్షిణానికి తిరిగాయి. ఇంటింటా బొమ్మ వచ్చింది. ప్రసారాల మంత్రిగారు విలేకరుల్ని పిలిచి, “కొత్త అధినేత వచ్చిన మర్నాడే చుక్కలు పోయి బొమ్మ వచ్చింది. పరిపాలన అంటే ఇది,” అన్నారు. విలేకరులు రాసుకున్నారు.

బామ్మర్ది ఆ సమావేశానికి వెళ్ళలేదు. ఇప్పుడతను ఛైర్మన్, చప్పట్లకి వేరే మనిషిని పెట్టుకోవాలి. కోటుతోనే కప్పుమీద నిలబడి డిష్ పని చూసుకుంటున్నాడు. కిందనుంచి అక్క కేకేసింది.

“వచ్చిందిరా. కోడలు బతికే ఉంది. గ్లాసులు మార్చేసిందట.”

మెకానిక్ స్పానర్ పట్టుకుని, “బోల్టులు గట్టిగా బిగించెయ్యనా సార్?” అని అడిగాడు.

బామ్మర్ది గట్టుమీద తలుపులు మూసిన బంగళా వంక చూశాడు. దక్షిణపు కొసన కార్లు నిలపడానికి చోటు లేని ఇంటి వంక చూశాడు. కోటు గుండీ సర్దుకున్నాడు.

“వద్దు. చేత్తో తిరిగేట్టు ఉంచు.”