నీలకంఠం గుమ్మపాలు

పోర్టులో క్రేను నడిపి రిటైరైన నీలకంఠానికి లోకంలో ఒకే మందు మీద నమ్మకం: గుమ్మపాలు. పితికినవి పితికినట్టే, పొయ్యి ఎక్కకుండా తాగాలి. రోజూ పొద్దున్నే స్కూటరు మీద ఆనందపురం వెళ్ళి, దగ్గరుండి పితికించుకుని గోపాలపట్నంలోని ఇంటికి తెచ్చేవాడు. ఆయన స్నానం చేసి వచ్చేలోగా భార్య నారాయణమ్మ వాటిని వేడినీళ్ళ గిన్నెలో ఉంచానంటూ గోరువెచ్చగా అందించేది. ఇరవై ఏళ్ళుగా జలుబైనా చేయలేదని వీధంతా చాటేవాడు.

ఆ రోజు ప్లాను వేరు. వన్‌టౌన్‌లో కుట్టుపని చేసే స్నేహితుడు అబ్దుల్ రజాక్ మనవరాలు మహీన్, టైఫాయిడ్ వచ్చి తగ్గాక పుల్లలా అయిపోయింది. "పాలు తిన్నగా రజాక్ ఇంటికే అట్టుకెళ్ళిపోతన్నాను," అని ఆనందపురం నుంచే భార్యకు ఫోన్ చేశాడు.

"ముందు ఇంటికి రండి!" అని ఆమె అరిచేలోగా పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నారాయణమ్మ కట్టుబట్టలతో ఆటో ఎక్కింది.

అక్కడ రజాక్ భార్య జమాలున్నీసా స్టవ్ వెలిగించబోతే నీలకంఠం అడ్డం నిలబడ్డాడు.

"కాసీసినావంటే సారం పోద్దమ్మా!"

"బచ్చీకి పచ్చిపాలేటి భాయ్? నాకు బయమేత్తంది."

"బయమా? సూడు మరి!" అని లోటాడు పాలు గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. "ఇరవై ఏళ్ళబట్టి ఇదే తాగతన్నాను. ఏటైపోనాను?"

"బావ సెప్తన్నాడు కదా, పట్టీయ్," అన్నాడు రజాక్.

గ్లాసు మహీన్ పెదాల దాకా వెళ్ళింది.

"పట్టకండి!" నారాయణమ్మ రొప్పుతూ వచ్చి గ్లాసు లాక్కుంది. "ఈయన ఒక్కనాడూ పచ్చిపాలు తాగనేదు. తానానికెళ్ళగానే మరగబెట్టీసి, మీగడ తీసీసి, సల్లార్సి ఇత్తన్నాను!"

"ఇరవై ఏళ్ళబట్టీ?" నీలకంఠం ఖాళీ లోటా వైపు చూశాడు.

"మా తమ్ముడు పచ్చిపాలు తాగే కదండీ జరంతో మంచం పట్టాడు! ఆవు నిక్షేపంలా ఉండీది. రోగం పాలల్లో ఉందని డాక్టరు సెప్పీదాకా ఎవులికి తెలుసు? మీకు సెప్తే ఇంటారా?"

తెల్లనివన్నీ పాలు కావన్నారు పెద్దలు. తెల్లటి పాలలో ఏముందో కంటికి కనిపించదని మాత్రం చెప్పలేదు. నీలకంఠానికి కోపం రావాలి, రాలేదు. మహీన్ పెదాలు తడిశాయేమోనని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. తడవలేదు. సిగ్గూ, భార్య మీద ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. తనే స్టవ్ వెలిగించి, పాలు పొంగి మరిగేదాకా కదలకుండా నిలబడ్డాడు.

కొన్ని వారాలకు ఆయనకు జ్వరం పట్టుకుంది. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. కీళ్ళన్నీ ఒకటే పీకుడు. రక్తపరీక్ష చూసి డాక్టరు, "పచ్చిపాలు తాగడం ఎన్నాళ్ళ నుంచి?" అనడిగాడు.

"ఒక్క లోటాడే బాబూ. ఒక్కసారే."

కాంపౌండరు సింహాద్రిది వాళ్ళ వీధే. "అబద్దం సార్! ఇరవై ఏళ్ళబట్టి తాగతన్నాడు, ఈదంతా సాచ్చికం," అన్నాడు.

పాల విషయంలో నీలకంఠం చెప్పిన మొదటి నిజాన్ని డాక్టరు నమ్మలేదు.