చడీచప్పుడు లేని దారి

ఆదివారం పొద్దున్నే దర్జీ ఆవిడ కుట్టుమిషన్ మీది గుడ్డలన్నీ తీసేసి, దారుల పటం పరిచింది. మూడు రోజుల నడక. మనుషులు తగలని, చూడచక్కని దారి కావాలి.

భర్త పోయి పది నెలలు. ఇంతవరకూ ఆవిడ గొంతెత్తి ఏడవలేదు. ఏడుద్దామంటే ఇల్లా, అగ్గిపెట్టె. ఒక్క ఎక్కిలి వచ్చిందో లేదో కోడలు మంచినీళ్లు తెచ్చేది, పక్కింటావిడ గోడ తట్టేది, చొక్కా కొలతలకు వచ్చినవాళ్లు కొలతలు మానేసి ఓదార్చేవారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. "కూర్చుని కూర్చుని కాళ్లు పట్టేశాయి. నడిచొస్తాను" అంది.

"చెరువు గట్టు మీదుగా వెళ్లమ్మా" అన్నాడు కొడుకు.

"అక్కడా? ఇసుక వేస్తే రాలనంత జనం" అంది కోడలు.

బావగారు, అంటే భర్త అన్నగారు, పటం మీదికి వంగారు. ముప్ఫై ఏళ్లు మిల్లులో మగ్గాల మధ్య పనిచేసిన మనిషి. చెవిలో పెట్టుకోవలసిన వినికిడి మిషన్‌ను, బ్యాటరీ అరిగిపోతుందని జేబులో పెట్టుకుంటారు. పటం మీద ఒక గీత వెంట వేలు పోనిచ్చి, "ఇదమ్మా దారి. తమ్ముడు పోయాక మూడుసార్లు నడిచాను. ఒకపక్క కొండ, ఒకపక్క ఏరు. చీమ చిటుక్కుమనదు" అన్నారు. పైగా తోడొస్తానన్నారు.

ఎలాగూ మాట్లాడే మనిషి కాదు. ఆవిడ సరేనంది.

మొదటి గంట బాగానే గడిచింది. మలుపు తిరగగానే కొండా కనిపించింది, ఏరూ కనిపించింది. కొండను యంత్రాలు పిండి కొడుతున్నాయి. రాళ్ల లారీలు హారన్లు మోగిస్తూ ఎదురొస్తున్నాయి. ఆవిడ రెండు చెవులూ మూసుకుంది.

"చలిగాలేనమ్మా" అని బావగారు తన మఫ్లరు తీసి ఇచ్చారు.

ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి, వెనక్కి చూపించింది.

"రైలుకట్ట దారా! అది ఇంకా బాగుంటుంది. నీకెవరు చెప్పారు?" అని సంబరపడి ఆయన అటు తిప్పారు.

రైలుకట్ట పక్కన కొత్త వంతెనకు ఇనుప దూలాలు దిగ్గొడుతున్నారు. ఆవిడ ఆయన జేబువైపు వేలు చూపించింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి, మిషన్ పక్కనున్న పిప్పరమెంటు తీసి ఇచ్చారు.

ఆవిడ ఒక బండ మీద కూలబడింది. ఏ మౌనం కోసం పది నెలలు ఓపిక పట్టిందో, అది ఈ రొదలో కలిసిపోయింది. "ఇదేం దారి బావగారూ!" అని ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

తన గొంతు తనకే వినిపించలేదు. పనివాళ్లు ఒక్కరూ తలెత్తలేదు. బావగారు ఏటివైపు తిరిగి నిలబడ్డారు.

ఆవిడ మళ్లీ అరిచింది. ఈసారి భర్తను. మాటమాత్రమైనా చెప్పకుండా ఎలా పోయారని నిలదీసింది. తరువాత ఏడ్చింది. పది నెలలకూ సరిపడా, ఆరు దూలాలు నేలలో దిగేదాకా ఏడ్చింది. ఎవరూ మంచినీళ్లు తేలేదు.

లేచి చూస్తే బావగారు చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటున్నారు.

"లారీల దుమ్మమ్మా" అన్నారు. ఆ కట్ట వెంట లారీలు రావు.

మూడో రోజు ఇంటికి రాగానే కొడుకు ఆత్రంగా అడిగాడు. "ఎలా ఉందమ్మా దారి?"

ఆవిడ పటం మడిచి కుట్టుమిషన్ సొరుగులో పెట్టింది. "మీ పెదనాన్న మాట నిజమేరా. ఒక్క చప్పుడు ఎవరికైనా వినబడితే ఒట్టు."