‘బద్దలైన బాయిలర్’ వారి ఘన పరిచయం

ఉప్పల్, నాచారం సంగీతప్రియులకు తెలియజేయునది ఏమనగా, మన మల్లాపూర్‌లో మూతబడ్డ ఓ లేత్ మిషన్ల షెడ్డులో ప్రపంచస్థాయి రాక్ బ్యాండ్ ఒకటి వెలిసింది. పేరు ‘బద్దలైన బాయిలర్’. పాడేది రంజిత్, గిటారు విక్రమ్, డ్రమ్ములు దీప. ఈ సంగతి ప్రపంచానికి ఇంకా తెలియలేదంటే అది ప్రపంచం ఖర్మ.

రంజిత్‌ది ఒకటే కోరిక. నాచారం మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసే వాళ్లమ్మ వెంకటనర్సమ్మ మీద ఓ పాట కట్టాడు. దాన్ని ఆమెకు వేదిక మీంచి వినిపించాలి. ఉప్పల్‌లో ఓ కాలనీ వినాయక మండపం వాళ్లు దయతలచి అరగంట ఇచ్చారు. సంఘం కార్యదర్శి సీతారామయ్యగారు మాత్రం ముందుగా పరిచయం ఘనంగా రాసి పంపమన్నారు. పరిచయం చిన్నదైతే బ్యాండు కూడా చిన్నదనుకుంటారట.

తన గురించి తాను రాసుకోవడానికి ఎవరికైనా చెయ్యి దానంతటదే తిరుగుతుంది. సప్తస్వరాలు చాలక ఎనిమిదోదాన్ని మల్లాపూర్‌లోనే తయారుచేసుకున్నామన్నాడు రంజిత్. తాము డ్రమ్ము మోగిస్తే మల్కాజిగిరి స్టేషన్లో ఆగిన రైళ్లు జెండా ఊపకుండానే కదులుతాయన్నాడు. విదేశాలు పిలుస్తున్నా నాచారం మీద మమకారం కొద్దీ పోవడం లేదన్నాడు. అది చదివి దీప పడీపడీ నవ్వింది. విక్రమ్ నమ్మేశాడు.

కచేరీ సాయంత్రం వెంకటనర్సమ్మ డ్యూటీ మార్పించుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. సీతారామయ్యగారు మైకు అందుకున్నారు. రాసిందంతా చదివారు, రాయనిది కూడా చదివారు. మధ్యలో అధ్యక్షులవారు విచ్చేస్తే వారికోసం మళ్లీ మొదట్నుంచి చదివారు. శాలువాలు కప్పారు. లడ్డూ దాతలను పేరుపేరునా వేదిక మీదకు పిలిచారు. రైళ్ల సంగతి వచ్చేసరికి జనం ఈలలు వేస్తే, రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకాయన లేచి, ఆ రైలు కదలడం తాను కళ్లారా చూశానని సాక్ష్యం చెప్పాడు.

అరగంట కాస్తా కరిగిపోయింది. అవతల హారతికి వేళవుతోంది. ఇంత చేసి అమ్మ పాట వినకుండానే ఇంటికి పోతుందా అని రంజిత్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఇక లాభం లేదని శాలువా తీసి పక్కన పడేసి, దీపకు సైగ చేసి, సీతారామయ్యగారు ఇంకా పరిచయం చదువుతుండగానే పాట ఎత్తుకున్నాడు.

జనం మొహాలు చిట్లించారు. వెంకటనర్సమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ చెయ్యెత్తింది.

“జర ఆగు బిడ్డా. నా కొడుకు గురించి సారు ఎంత మంచిగ జెప్తుండు, జర విననియ్యి.”

రంజిత్ ఆగిపోయాడు. మండపమంతా చప్పట్లు మోగాయి. ఇంతకీ ఆ పాటలో ఏముందని ఎవరూ అడగలేదు. ఇంతదాకా చదివిన మీరూ అడగలేదు.